కుడూ కొమ్ములు

మా ఆడబిడ్డ ఆడి మాసానికని, తమిళ లెక్కలో ఆషాఢానికని, పుట్టింటికి వచ్చింది. ఆడి పోయింది, ఆవణి పోయింది, పురటాసి శనివారాలు కూడా మొదలయ్యాయి. పిల్ల కదలలేదు. కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లను ఆడిలో పుట్టింటికి తెచ్చుకోవడం మా పక్క వాడుకే గాని, ఈమె పెళ్ళి పాతబడి ఎంతో కాలమైంది. అయినా వీధిలో ఎవరడిగినా మా అత్త "ఆడికి వచ్చిందమ్మా" అనే చెప్పేది. "పురటాసిలో ఆడి ఏంది?" అని ఎదురింటామె మొహం మీదే అడిగేసింది. "మా ఇంట్లో ఇంకా అయిపోలా" అని మా అత్త ధడాలున తలుపేసింది.

ఇది డెబ్బైల చివరి మాట. తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే బస్సు మా ఇంటికి ఎదురుగా, కళ్ళం అవతల రోడ్డు మీద నిలిచేది. నేను ఆ ఇంటి కోడలిని. మా ఆయనకు తిరువళ్ళూరు పక్క ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఆదివారం మొత్తం ఆయనకు నిద్రకే సరిపోయేది. మా మామ సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు. కోడె నోరు తెరిచి పళ్ళు చూసి, ఒంటి మీద సుడులు వెతికి, దాని గుణం ఇట్టే చెప్పేవాడు. ఇంట్లో మనుషుల గుణం మాత్రం ఆయనకు ఒక్కనాడూ అంతుపట్టలేదు. పెళ్ళిచూపుల్లో నన్ను ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి చూపమన్న మహానుభావుడు ఆయనే. ఆ కోపం నాకింకా పోలేదు.

ఇక అల్లుడు. తిరుత్తణిలో లారీ తోలుకుంటున్న మనిషి, పెళ్ళయిన ఏడాదికే ఎవరో పిలిచారని ఆఫ్రికా పోయాడు. అక్కడ దొరలను అడవిలోకి వేటకు తీసుకుపోయే కంపెనీలో జీపు డ్రైవరు. ఉత్తరాలు వచ్చేవి, డబ్బు వచ్చేది, మనిషి మాత్రం రాలేదు. చివరికి అక్కడి సర్కారు వేట మాన్పించేస్తే, కంపెనీ మూతపడి, అప్పుడొచ్చాడు. సీమ నుంచి వస్తున్నాడంటే రేడియో వస్తుంది, నైలాన్ చీరలొస్తాయి అని ఇంటిల్లిపాదీ కాచుకొని ఉన్నాం. గోనెపట్టాలో చుట్టిన మూట విప్పాడు. రెండు కొమ్ములు! నిలబెడితే నా భుజం దాకా వచ్చాయి, మరలాగా మెలికలు తిరిగి ఉన్నాయి. "కుడూ" అన్నాడు, అంతా అర్థమైపోయినట్టు. అక్కడి అడవి జంతువు పేరట. ఆఫ్రికా పోయొస్తే కొమ్ములు మొలుస్తాయా ఏమన్నా అని ఊళ్ళో అంతకుముందే ఆడిపోసుకుంటున్నారు. ఈయన ఏకంగా మోసుకొనే వచ్చాడు.

తిరుత్తణి ఇంట్లో వాటిని తగిలించడానికి గోడ ఇవ్వనంది మా ఆడబిడ్డ. అవి మా కొట్టంలోకి వచ్చాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆడి పేరుతో ఆమే వచ్చింది. అందరూ కొమ్ముల మీద కోపమనుకున్నారు. కాదు. వేరుశనక్కాయలు ఒలుస్తూ ఒకనాడు నాతో అసలు సంగతి చెప్పింది.

"వదినె, ఆఫ్రికా పోయే పొద్దు అరక్కోణం టేసన్లో రైలెక్కినాడే, ఒక్కతూరన్నా తిరిగి సూసినాడా? రైలు పోయినంక గూడా నేను ఆడనే నిలబడుకోనుండా. తల తిప్పలా. నన్ను ఇడిసిపెట్టి పోయేదానికి రవ్వంత బాధ ఉండింటే తిప్పుండడా? ఇప్పుడొచ్చి కుడూ, గిడూ అంటాడు."

"ఆ మాట ఆయన్నే అడగరాదా అమ్మీ?"

"నేనెందుకడగాల? తనకు తెలియాల."

ఈ "తెలియాల" అనే రోగానికి మందు లేదు. నాకూ ఉంది, అందుకే తెలుసు.

అల్లుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వచ్చేవాడు. మా మామతో కలిసి తిన్నె మీద కూర్చునేవాడు. ఆమె తలుపు వెనక. మొగుడూ పెళ్ళాల మధ్య మాట లేదు. "రా, పోదాం" అని రెండు ముక్కలు అంటే తీరిపోయే దానికి ఆ మనిషి నోట జంతువులు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. పశువు మాట వినపడితే మా మామ ఆగలేడు.

"నూ అని ఒగటుంది మామా. ముందర ఎనుము, ఎనక గుర్రం, మొకానికి మేక గడ్డం."

"పాలెన్నిస్తాది?"

"పాలా! అది అడివి జంతువు మామా. యాటగాళ్ళు దాన్ని సూసి దడుసుకొనేది ఎందుకంటే, గుండు తగిలినా పడదు. పరిగెత్తతానే ఉంటాది. శానా మొండి ప్రాణం."

"సుడి యాడుంటాది?"

"సుడి నేను సూళ్ళా."

"అన్నేండ్లు ఆడుండి సుడి సూళ్ళేదంట!" అని మామ నా వైపు తిరిగి నిట్టూర్చాడు. ఒకాయన ఎక్కడ కొట్టాలో చెబుతాడు, ఇంకొకాయన ఎక్కడ కాడి పెట్టాలో అడుగుతాడు. ఇద్దరికీ కాఫీలు మోసేది నేను.

ఈలాండ్ అనే జంతువు గురించి విన్న రోజు మా మామకు అన్నం సహించలేదు. మన ఎద్దు కంటే బరువట, గంగడోలు వేలాడుతుందట, మూపురం కూడా ఉందట. నడుస్తుంటే మోకాళ్ళు టక్కు టక్కుమంటాయట. అది కనపడక ముందు ఆ చప్పుడే వేటగాడికి వినిపిస్తుందట. "అట్లాంటిదాన్ని కాల్సి తినేసినారా, పాపిష్టి నాయాండ్లు! రెండు తెచ్చి కాడి కట్టింటే..." అని రాత్రి దాకా గొణుగుతూనే ఉన్నాడు.

మొహం నిండా బుడిపెలున్న పంది సంగతి అల్లుడు నోటితో చెప్పి ఊరుకోలేదు. లేచి, తువ్వాల కొసను వెనక నిక్కబెట్టి పట్టుకొని, వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికి చూపించాడు. పరిగెత్తేటప్పుడు దానికి తోక జెండాలా లేస్తుందట. వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు. మా అత్త నీళ్ళబిందెతో అప్పుడే వచ్చింది. "అయ్యో సామీ, ఇంటల్లుడు! లోపలికి రాండయ్యా, మానం పోతాండాది" అని నెత్తి కొట్టుకుంది. "అది బొరియలోకి ఎనక్కెనక్కి దూరతాది అత్తా, కోరలు బయటికి ఉండేట్టు" అని ఆయన అదీ చేసి చూపించబోయాడు. "మామగారింటికి అల్లుడు అట్లనే రావాల, జాగర్తగా" అన్నాడు మా మామ మెచ్చుకోలుగా.

తలుపు వెనక నుంచి ఒక చేయి వచ్చి నా కొంగు లాగింది. "వదినె, ఆ పంది తోక ఎందుకు లేపుతాదో అడుగు."

"గడ్డిలో పిల్లలకు అమ్మ కనపడాల గదమ్మా" అన్నాడు ఆయన, నన్ను చూసి, తలుపుకు వినపడేటట్టు. అప్పటి నుంచి నాకు కొత్త ఉద్యోగం పడింది. ఆమె అడగమనేది, నేను అడిగేదాన్ని, ఆయన తలుపుకు చెప్పేవాడు. పోస్టుమాన్‌కైనా ఒక సెలవుంటుంది, నాకదీ లేదు. అడవి ఎనుము గుండు తగిలితే పారిపోకుండా చుట్టూ తిరిగొచ్చి, తను పోయిన దారి పక్కనే పొదలో కాచుకొని ఉంటుందని అలాగే తెలుసుకున్నాం. నీటి ఏనుగుకు, నీళ్ళకు మధ్యలో మనిషి నిలబడకూడదనీ తెలిసింది. అది విన్నాక మా అత్తకు, వంటింటికి మధ్యలో నేనెప్పుడూ నిలబడలేదు.

అలా వారాలు సాగుతుంటే, అత్త పోరు పడలేక మామ ఒక ఆదివారం అసలు విషయం ఎత్తాడు. ఎత్తడమంటే నోటితో కాదు. సంతలో బేరం నోటితో జరగదు. తువ్వాల కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకొని చెప్పుకుంటారు. మామ తన తువ్వాల తీసి అల్లుడి చేతి మీద వేశాడు. లోపల మూడు వేళ్ళు నొక్కి, "నెల" అన్నాడు. అంటే పిల్లను మూడు నెలల తర్వాత పంపిస్తానని. అల్లుడు మొహం చిన్నబుచ్చుకొని ఒక వేలు నొక్కినట్టున్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ నొక్కుళ్ళు.

మా అత్త చూసింది. "ఓ మనిసీ! అది కూతురయ్యా, కోడె గాదు!"

ఆ అరుపుకు తలుపు తెరుచుకుంది. మా ఆడబిడ్డ నేరుగా తిన్నె దగ్గరికొచ్చి, తండ్రి ముందు నిలబడి, ఇంత నోరు తెరిచింది. "ఇదో, పండ్లు లెక్కబెట్టుకో నాయినా! సుడి గూడా ఎతుకు! నన్నొక మాట అడిగినారా ఎవురన్నా?" అని, మొగుడి వైపు చూడకుండానే లోపలికి పోయి గడియ పెట్టుకుంది. మామ చేతిలో తువ్వాల అలాగే ఉండిపోయింది. నాకు నవ్వాగలేదు, కొట్టంలోకి పరిగెత్తి నవ్వుకున్నాను. ఆ తర్వాత ఏడుపూ వచ్చింది, ఎందుకంటే ఇంక ఇది తెగినట్టే అనిపించింది.

తర్వాత ఆమె తలుపు వెనకకు కూడా రావడం మానేసింది. ఆయన మరో ఆదివారం వచ్చి, జంతువుల మాటే లేకుండా చాలాసేపు కూర్చున్నాడు. చివరికి, "మామా, ఊత్తుకోటలో ఒకాయన బొంబాయి లైనుకు లారీ తోలను రమ్మంటాండాడు. రేపు పోతాండా. మళ్ళా ఎప్పుడొస్తానో తెలీదు" అన్నాడు.

నేను లోపలికి పోయి చెప్పాను. ఆమె మంచం మీద కూర్చొని గోళ్ళు చూసుకుంటోంది. "పోనీ" అంది. అంతలోనే, "వదినె, ఇన్ని జంతువుల సంగతి చెప్పినాడు గదా, ఆ కొమ్ముల దాని సంగతి ఒగనాడూ చెప్పలేదే. అది అడుగు" అంది. లేచి తలుపు వెనకకు వచ్చింది.

నేను అడిగాను. ఆయన కొట్టం వైపు చూశాడు. కొమ్ముల మీద మా అత్త ఎండుమిరపకాయల సంచి తగిలించి ఉంది.

"అది దొరకని జంతువమ్మా" అన్నాడు. "బూడిద రంగు, ఒంటి మీద సన్నగా తెల్ల గీతలు. ముండ్ల పొదలో నిలబడిందంటే పక్కన పోయినా కనపడదు. చెవి ఆడిస్తేనే తెలిసేది. దొరలు దాని కోసరం పగలంతా నడిసి సచ్చేవాళ్ళు. అయితే దానికి ఒగటే రోగం. దడుసుకొని పరిగెత్తతాది గదా, అంతా బాగా పోతాది, ఇంగ పొదలోకి దూరబోయే ముందర ఒక్కతూరి నిలబడతాది. నిలబడి ఎనక్కి తిరిగి సూస్తాది. యాటగాడు దానికే కాసుకోనుంటాడు. సూసిందా, పడిందే."

"మరి ఈ కొమ్ములు?" అన్నాను.

"ఇది గుండుకు పడింది గాదు. సెట్టు కింద ముసలిదై సచ్చుంటే ఏరుకొచ్చినా. ఎప్పుడూ తిరిగి సూళ్ళేదు గాబోలు, అందుకే అంత కాలం బతికింది."

తలుపు వెనక నుంచి మాట వచ్చింది. ఇన్ని నెలల్లో నా నోటి మీదుగా కాకుండా వచ్చిన మొదటి మాట.

"నువ్వు రైలెక్కినపుడు ఎందుకు సూళ్ళా?"

మా మామ వక్కాకు నమలడం ఆపేశాడు. అల్లుడు చెప్పులు వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"సూసింటే దిగేసింటా" అన్నాడు.

అనేసి, సంచి భుజాన వేసుకొని బస్సుకు బయలుదేరాడు. ఆమె తలుపు తీసుకొని గడప మీదికి వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. "వదినె, ఇప్పుడు సూసినాడంటే పోతా. సూడకుంటే ఈ జన్మకు ఇంతే" అని నా చేయి పట్టుకుంది. గోళ్ళు దిగేటట్టు పట్టుకుంది.

కళ్ళం దాటాడు. తిరగలేదు. రోడ్డెక్కాడు. తిరగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఒరే నాయనా, ఇన్ని జంతువులను చూసినవాడివి, ఒక మెడ తిప్పడానికి ఏం పోయేకాలం నీకని. పళ్ళిపట్టు నుంచి బస్సు వచ్చి నిలిచింది. "ఏరుయ్యా, ఏరు! నేరమాచ్చు!" అని కండక్టరు తమిళంలో ఎక్కమని తొందర పెడుతున్నాడు. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. పెట్టి, అలాగే నిలబడ్డాడు. నిలబడి, వెనక్కి తిరిగి చూశాడు.

"పడినాడు పో!" అని మా మామ తొడ చరిచాడు.

కండక్టరు విజిలేశాడు. బస్సు పోయింది. అల్లుడు రోడ్డు మీద మిగిలిపోయాడు, సంచితో. మా ఆడబిడ్డ గడప దిగి గబగబా కళ్ళం దాటిపోయి, నడుం మీద చేతులు పెట్టుకొని ఊరంతా వినపడేటట్టు అరిచింది. "ఉండే బస్సు పోగొట్టుకుంటివే! ఇప్పుడేం జేస్తావు?"

ఏం చేస్తాడు, వచ్చి అన్నం తిన్నాడు. బొంబాయి లారీ ఇంకెవరో తోలుకొని ఉంటారు.

మరుసటి పొద్దున మొదటి బస్సుకు ఇద్దరూ తిరుత్తణి బయలుదేరారు. మా అత్త చిత్రాన్నం కట్టిచ్చి, కుంకుమ పెట్టి, గడప మీద నిలబడింది. కూతురు చెయ్యి ఊపుతుందని తనూ చెయ్యి సగం ఎత్తి పెట్టుకుంది. ఆ పిల్ల కళ్ళం దాటింది, రోడ్డెక్కింది, బస్సెక్కింది. మొగుడి పక్కన కూర్చుంది. తల తిప్పలేదు. బస్సు మలుపు తిరిగి, దుమ్ము కూడా అణిగిపోయింది. మా అత్త చెయ్యి అలాగే ఉంది.

"ఇన్ని నెలలు కడుపులో పెట్టుకొని సూసుకొంటిని. ఒక్కతూరి తిరిగి సూడగూడదా?" అంది.

మనుషుల గుణం ఒక్కనాడూ పట్టని మా మామ లేచి ఆమె పక్కకు వచ్చాడు.

"సూసింటే దిగేసింటాదిలే" అన్నాడు. భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతిలో పెట్టాడు.