బాపు కార్జం

నా పీహెచ్‌డీ రెండు ఊళ్ల మధ్య నడిచింది. నిజామాబాద్ ఆసుపత్రిలో ఒక గైడు, హైదరాబాద్ యూనివర్సిటీలో ఇంకొకాయన. ఇక్కడ పోయినవాళ్ల కాలేయం ముక్కలు సేకరించాలి, అక్కడ వాటిని మంచులో రుబ్బి ఎంజైములు కొలవాలి. మధ్యలో థర్మాస్ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని రైల్లో నేను. చాయ్ ఉందా అని అడిగే మహానుభావులకు ఏం చెప్పను?

బోధన్ దగ్గర చెరుకు బండ్లు తోలిన మా నాన్నకు, మా బాపుకు, కాలేయమే గట్టిపడింది. పోయేముందు ఆయనే అన్నాడు: "నా కార్జం గూడ తీస్కపో బిడ్డా. నీ సదువుకైన అక్కరకొస్తది."

అవ్వ, అంటే మా అమ్మ, వద్దని ఏడ్చింది. మాది మెథడిస్టు ఇల్లు. పునరుత్థాన దినాన మనిషి నిండుగా లేవాలని ఆమె నమ్మకం. చివరికి బాపు మాటే నెగ్గింది. చిన్న ముక్క తీసి, మిగతా బాపును మట్టికి అప్పగించాం. ఆ ముక్కను రుబ్బింది నేనే. అప్పటినుంచీ మంచు తగిలితే బాపు వేళ్లు తగిలినట్టే ఉండేది, భయమేసేది.

కొన్నాళ్లకు అవ్వ రేకుడబ్బా పట్టుకుని హైదరాబాద్ ల్యాబుకు వచ్చింది.

"సూసుడు అయిపోయిందా? ఇగ గా ముక్క ఇయ్యి. బాపు పక్కన పెడ్త."

చూసి తిరిగిస్తామనుకుంది, పొరుగింట్లో అడిగి తెచ్చిన గిన్నెలాగా. రుబ్బేశామని చెప్పాను. అవ్వ రేకుడబ్బాను కింద పెట్టేసింది.

"ఏం మిగల్లేదా?"

ఒక్క ట్యూబు మిగిలింది. నా థీసిస్ ఆఖరి కొలత దాని మీదే. వెచ్చబడితే ఎంజైము చచ్చిపోతుంది, మళ్లీ తెచ్చుకుందామంటే బాపు లేడు. ఒక్కసారి చూపిద్దామనే మంచుపెట్టె తెరిచాను.

అవ్వ ట్యూబు చేతిలోకి తీసుకుంది.

"అయ్యో, గింత సల్లగ ఉంచిన్రా బాపును?"

అరచేతుల మధ్య పెట్టి, కొంగు చుట్టి, రొమ్ముకు అదుముకుంది. చలికాలం చెరుకు బండి దిగొచ్చిన బాపు చేతులను అలాగే కాచేది. లాక్కుందామంటే ఒక్క అడుగు దూరం. నా కష్టమంతా ఆ కొంగులో పాడైపోతోందని తెలుసు. మంచుపెట్టె మూత వేసేశాను. ఆమె కళ్లు మూసుకుని మెల్లగా ఊగుతోంది.

చాలాసేపటికి ట్యూబును చెంపకు ఆనించుకుని నావైపు చూసింది.

"ఇగో, ఎచ్చగయిండు."

"అయిండు అవ్వా," అన్నాను.