ముడిమ్యాల హౌజులో అలలు

ఆ రోజుల్లో మా వైపు ఇంజనీరింగ్ చదివిన వాళ్లందరికీ, ఏ బ్రాంచి అయినా, గమ్యం మాదాపూరే. కంప్యూటర్ బ్రాంచి వాళ్లు కంప్యూటర్లు నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు పోయేవాళ్లు, సివిల్ వాళ్లం సిమెంటు గురించి నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు పోయేవాళ్లం. చివరి ఏడాది మొయినాబాద్‌లోని మా కాలేజీకి ఉద్యోగాలివ్వడానికి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వస్తోందని తెలిసింది. వాళ్ల షరతు ఒక్కటే, ఏ సబ్జెక్టూ తప్పి ఉండకూడదు. మా బాపు అప్పటికే మా ఊరు ముడిమ్యాలలో కనబడిన వాళ్లందరికీ కొడుకు కంప్యూటర్లలో ఉన్నాడని చెప్పేసి ఉన్నాడు కాబట్టి నేను తప్పడానికి వీల్లేదు. అందుకే సీనియర్ల సలహా మీద, పాఠమూ చెప్పని, ఫెయిలూ చెయ్యని ఒక సారు సబ్జెక్టు ఎంచుకున్నాను. సముద్రంలో నిలబెట్టే కట్టడాలు, వాటిని కొట్టే అలల లెక్కలు. చేవెళ్ల చుట్టుపక్కల ఎవరికీ అక్కరలేని విద్య ఏదైనా ఉందంటే అదే.

తీరా క్లాసులు మొదలయ్యేసరికి ఆ సారే సాఫ్ట్‌వేర్‌కు పోయాడు. ఆయన స్థానంలో వచ్చిన మేడం మొదటి రోజే బోర్డు మీద 'నిరంతర మూల్యాంకనం' అని రాసింది. చివరి పరీక్షను నమ్ముకుంటే కుదరదట. ప్రతి వారం ఒక పని, ప్రతి పనికీ మార్కులు, అన్నీ కలిపితేనే పాస్. మా దృష్టిలో చదువంటే పరీక్షల ముందు గైడు ముందేసుకుని బట్టీ పట్టడం, మిగతా ఏడాదంతా క్యాంటీన్. ఆమెకు 'వారంవారం మేడం' అని పేరు పెట్టి కసి తీర్చుకున్నాం (ఆమె దాకా ఆ పేరు చేరనే లేదు, కసి మాత్రం తీరింది).

కొన్నాళ్లకు అసలు పని ఇచ్చింది. ఇద్దరేసి జట్టు కట్టి, నీళ్లలో అలలు పుట్టించి, మధ్యలో చిన్న కట్టడం నిలబెట్టి, కొలిచిన అల ఎత్తు లెక్కలో వచ్చిన ఎత్తుతో కలుస్తుందో లేదో చూపించాలి. మేమంతా పుట్టి బుద్ధెరిగి గండిపేట చెరువును మించిన నీళ్లు చూసినవాళ్లం కాదు. కానీ క్లాసులో ఆంధ్రా నుంచి వచ్చి సిటీలో స్థిరపడ్డ కుటుంబం వాడొకడున్నాడు. ఆంధ్రా అంటే పెరటి తలుపు తీస్తే సముద్రమే అని మా గట్టి నమ్మకం, అందుకే మొదటి ఏడాదే వాడికి 'సముద్రం' అని పేరు పెట్టేశాం. ఇప్పుడు వాడి కోసం క్లాసంతా ఎగబడింది. నేను వాణ్ణి ఆదివారం మా ఇంటికి తీసుకుపోయి, అమ్మ చేత నాటుకోడి కూర వండించి గెలిచాను.

మా పొలంలో బోరు నీళ్లు నిలవ చేసే సిమెంటు హౌజే మా సముద్రం. పైపు ముక్కలు నాలుగు కాళ్లుగా పెట్టి, పైన చెక్క కొట్టి కట్టడం చేశాం. పాత తలుపు రెక్కను ఒక చివర నీళ్లలో దించి ముందుకూ వెనక్కూ ఊపుతుంటే అలలు పుట్టాయి. టమాటకు నీళ్లు వదలకుండా హౌజు ఆపేసినందుకు బాపు మండిపడుతూ వచ్చి, ఇదేమిటని అడిగాడు. సముద్రంలో నూనె తీసేవాళ్లు నిలబడేది అన్నాను.

"గిది మంచె గదరా," అన్నాడు. "ఫీజు గట్టి మంచె కట్టుడు నేర్చుకుంటున్నవా?"

బాపు కంటే పెద్ద చిక్కు నీళ్లలో ఉంది. పోయిన అల ఎదుటి గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, కొత్తగా వచ్చే అలతో కలిసి ఎగిరెగిరి పడుతోంది. కొలిచిన ఎత్తుకూ లెక్కకూ పొంతన లేదు. నిజం సముద్రంలో కూడా గిట్లనే తిరిగొస్తదా అని మావాణ్ణి అడిగాను. వాడు కళ్లు చిట్లించి, దూరంగా శంకర్‌పల్లి వైపు చూసి, "వస్తుంది రా. ఎదురు ఒడ్డుకు కొట్టుకుని వస్తుంది," అన్నాడు. అదే రిపోర్టులో రాశాం.

మేడం చదివి, ఏ ఎదురు ఒడ్డు అని అడిగింది. వీడు కళ్లారా చూసినవాడు మేడం అని నేను ధైర్యంగా చెప్పాను. ఆమె వాడి వైపు తిరిగింది. వాడు తమది జంగారెడ్డిగూడెం పక్క మెట్ట ఊరని, సముద్రం సినిమాల్లో తప్ప చూడలేదని చెప్పాడు. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. మా ఇద్దరికీ ఆ వారం సున్నా. నాకు మాత్రం మాదాపూర్ మునిగిపోతున్నట్టు అనిపించింది.

బయటికొచ్చాక వాడి కాలర్ పట్టుకున్నాను. "ముందే చెప్తే ఏం పోయిందిరా?"

"చెబుదామనుకునేలోపే మీ అమ్మగారు కూర వడ్డించేశారు రా," అన్నాడు దీనంగా. అమ్మ చేతి కూర తిన్నవాణ్ణి ఇంకేమంటాను.

మేమంతా తిట్టుకున్న ఆ వారంవారం పద్ధతే నన్ను కాపాడింది. పాత పద్ధతిలో ఒక్క పరీక్ష పోతే అంతే సంగతులు. మేడం మాత్రం, పోయింది ఈ వారమే కదా, వచ్చే వారం సరిచేసి తీసుకురండి అంది. ఒడ్డు ఏటవాలుగా ఉంటే అల దాని మీదికెక్కి చచ్చిపోతుందని బొమ్మ గీసి చూపించింది. హౌజు చివర ఇసుకా కంకరా వాలుగా పోశాం. అల వచ్చింది, ఎక్కింది, చచ్చింది. మా మంచె నిలబడింది. అంచు మీద పాసయ్యాను. కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూలో అలల మాటే ఎత్తలేదు. నైట్ షిఫ్ట్ చేస్తావా అని అడిగారు, అంతే. బాపు మాట నిలబడింది. హౌజులోంచి ఆ ఇసుక తోడించినందుకు మాత్రం ఇప్పటికీ తిడతాడు.

ఉద్యోగాల్లో చేరిన కొన్నేళ్లకు మేమిద్దరం మొదటిసారి నిజం సముద్రం ముందు నిలబడ్డాం. సిగ్గు లేకుండా ఇద్దరం ముందు ఎదురు ఒడ్డు కోసమే వెతికాం. అల వచ్చి ప్యాంట్లు తడిపి పోయింది. ఇది ఎప్పుడూ గిట్లనే ఉంటదారా అని అడిగాను. వాడు అలవాటుగా కళ్లు చిట్లించి దూరం చూసి, "ఎప్పుడూ ఇంతే రా," అన్నాడు. నేను మళ్లీ నమ్మాను.