బాపు పీట వేసుకున్న రోజు

మొన్న మోకాళ్ల నొప్పికని ఆసుపత్రికి వెళ్తే, మనవరాలి ఈడున్న డాక్టరమ్మ ఎక్స్‌రేలన్నీ చూసి పక్కన పెట్టి, ఈ నొప్పి వల్ల ఏ పని చేసుకోలేకపోతున్నందుకు మీకు ఎక్కువ దిగులుగా ఉందమ్మా అని అడిగింది. మన కాలంవాళ్లకు నొప్పి ఎక్కడో చెప్పడమే అలవాటు గానీ ఇలాంటి ప్రశ్న ఎవరడిగారు? నేను మాత్రం ఒకసారి విన్నాను, పంతొమ్మిది వందల యాభైల్లో, నా చిన్నప్పుడు, హుస్సేనీ ఆలంలో మా ఇంటి వెనక సందులో ఉండే హకీం సాబ్ దవాఖానాలో.

మా బాపు, అంటే నాన్న, బేగంబజార్‌లో హమాలీ. బెల్లం, మిరప, బియ్యం బస్తాలు మోసీ మోసీ ఆయన నడుము పట్టేసింది. మేమంతా పీటలు వేసుకుని తింటుంటే ఆయన ఒక్కడే గోడకు ఆనుకుని, పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడి తినేవాడు. అదేమని అడిగితే ఆకలి తొందర అనేవాడు, నేను నమ్మేదాన్ని. హమాలీలకు ఒక పంతం ఉండేది, ఎత్తుకున్న బస్తా దుకాణంలోనే దించాలి, నడిమధ్యలో ఆగితే పరువు పోయినట్టే. అందుకని, జట్టులోంచి తీసేస్తారన్న భయంతో, బాపు తోటివాళ్లకు కూడా నొప్పి సంగతి చెప్పలేదు.

చివరికి అమ్మ పోరు పడలేక హకీం సాబ్ దగ్గరికి బయలుదేరాడు, అమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. ఆయన నాడి చూసి, నడుము నొక్కి చూసి, "దర్ద్ ఎక్కడున్నదో సమజైంది భాయ్. అది నిన్ను ఏం చేయనిస్తలేదో చెప్పు" అన్నాడు. మందు కోసం చాపబోయిన చెయ్యి బాపు వెనక్కి తీసుకున్నాడు. నా వైపు చూసి, "పిల్లలతోని కింద కూసొని తినాలె సాబ్, గంతే" అన్నాడు. ఆకలి తొందర కాదని నాకు అప్పుడే తెలిసింది, ఏడుపొచ్చింది.

హకీం సాబ్ నూనె ఇచ్చి, వేడి తవుడు మూటతో కాపడం పెట్టమన్నాడు గానీ, నొప్పి మొత్తం పోతుందని ఆశ పెట్టలేదు. నీ పని ఒకసారి చూడొచ్చా అని అడిగి, బాపు సరేనన్నాకే ఒక పొద్దున బజారుకు వచ్చి చూశాడు. బరువుతో ఆగకుండా నడవడమే నడుమును తినేస్తోందని, దారిలో నడుమెత్తున బస్తా ఆనించుకునే చోటు ఉండాలని చెప్పాడు. జట్టుకు నేను చెప్పనా అని కూడా అడిగాడు. బాపు కొన్నాళ్లు తటపటాయించి, తానే చెప్పుకున్నాడు.

నవ్వుతారనుకున్నవాళ్లు ఒక్కరూ నవ్వలేదట. జట్టు మేస్త్రి అయితే, "ఇన్నొద్దులు ఎందుకు చెప్పకపోతివిరా, నా మెడ సుత గిట్లనే ఉన్నది" అన్నాడట. అందరూ కలిసి సందు మధ్యలో రాళ్లు పేర్చి నడుమెత్తు దిమ్మె కట్టారు. బాపు కోసమని కట్టినా, నాలుగు రోజులకే అందరూ దానికి బస్తా ఆనించి ఊపిరి పీల్చుకునేవారట.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం బాపు తన పీట తానే తెచ్చుకుని, గోడ పట్టుకుని మెల్లగా మా మధ్య కూర్చున్నాడు. అమ్మ జొన్నరొట్టె వడ్డిస్తూ కళ్లు తుడుచుకుంది. లేచేటప్పుడు అన్నయ్యా నేనూ చెరో చెయ్యి ఇచ్చాం. నొప్పి ఆయనతో చివరిదాకా ఉంది, కానీ ఆయన మళ్లీ నిలబడి తినలేదు.

డాక్టరమ్మకు నేనూ ఆ మాటే చెప్పాను, కింద కూర్చుని తినాలని ఉందని. మెల్లగా సాధిద్దాం అంటూ కాళ్లు చాపి చేసే కసరత్తు నేర్పింది. ఇంటికొచ్చి చూస్తే మా వాళ్లు ఎప్పటిలాగే బల్ల దగ్గర తలా ఒక వేళకు తిని లేచిపోతున్నారు. అటక మీది పీటలు దింపించి తుడిచి పెట్టుకున్నాను. నా మోకాళ్లు వంగేలోగా, పక్క పీట మీద కూర్చోవడానికి ఒక్కరినైనా ఒప్పించుకోవాలి.