చుక్క బంతికి రాసిన నూనె

ఈ చేతులతో నేనొక పని చేశాను. చేసి ఇరవై ఏళ్ళు దాటిపోయింది. నా మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆయనకు చెప్పలేదు. కన్నకూతురికి చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ ఒక్కటి పక్కన పెట్టి మిగతావన్నీ చెప్పుకున్నాను. నూనె డబ్బా మూత తీసినప్పుడల్లా గుర్తొస్తుంది. బిందెలు మోసి మోసి నడుం మీద కాయ కట్టినట్టు మనసులో ఆ చోట కూడా కాయ కట్టింది. అయినా బరువు తగ్గలేదు. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల చివరి సంగతి. అనంతపురంలో పెద్దమనుషుల క్లబ్బు ఒకటి ఉండేది. నా మొగుడు ఓబులేసు అక్కడ మార్కరు. బిలియర్డ్స్ బల్ల పక్కన నిలబడి ఎవరికెన్ని పాయింట్లొచ్చాయో గట్టిగా చెప్పడం ఆయన పని. ఆ బల్ల మీద పరిచిన పచ్చగుడ్డను బ్రష్షుతో దువ్వి, ఇస్త్రీ చేసి, ఆట నడుస్తుంటే బంతులు తుడిచి పెట్టే ఇంకో పెద్దాయన ఉండేవాడు, మస్తానన్న. బంతులను వారానికోసారి కడిగి మెరుగు పెట్టే పని నాకు ఇప్పించింది ఆయనే. "యాడనో బయటోళ్ళకు ఇచ్చేకంటే మన ఓబులేసు ఇంట్లోనే చేపిస్తే పాయె గదా సార్" అని పెద్దవాళ్ళను ఒప్పించాడు.

మా ఆయన బంతులు గుడ్డసంచిలో ఇంటికి తెచ్చేవాడు. ఆడే కర్రల కొనకు పూసే నీలం సుద్ద వాటికి అంటుకుని ఉండేది. గోరువెచ్చని నీళ్ళలో రెండు కుంకుడుకాయలు పిసికి, ఒక్కొక్కటే కడిగి, పాత పంచెగుడ్డతో తడి ఒత్తేదాన్ని. ఆ తర్వాత పట్టుగుడ్డ. మా పుట్టిల్లు ధర్మవరం, మా నాయన మగ్గం నేసేవాడు. మగ్గం దగ్గర మిగిలిన పట్టు ముక్కలు నా దగ్గర ఒక మూట ఉండేవి. ఆ ముక్కతో తిప్పి తిప్పి రుద్దితే బంతిలో మన ముఖం కనపడేది. మా అత్త మంచంలోంచే ఎగతాళి చేసేది. "ఏమే, నా తల ఎప్పుడన్నా అంత బాగా రుద్దినావా?" అని.

నీళ్ళ సంగతి చెప్పాలి. వీధి కొళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని ఎండాకాలం. ట్యాంకరు వస్తే బిందెలకంటే ముందు జుట్లు పట్టుకునేవాళ్ళం. క్లబ్బులో మాత్రం బోరు ఉంది. బంతులు కడగడానికి అక్కడినుంచి రెండు బిందెలు నింపుకోవచ్చని చెప్పారు. మూడు నాలుగు చెంబులతో బంతులు కడిగేసేదాన్ని. మిగిలింది మేం తాగేవాళ్ళం. మా ఆయనకు తెలుసు. మస్తానన్నకు తెలుసు. "నింపుకోమ్మా, బంతులేమన్నా నోరు తెరిచి చెప్తాయా" అని ఆయనే తొట్టిలోంచి ముంచి ఇచ్చేవాడు, మోటారు ఆగిపోయిన రోజున.

ఆ ఏడాది క్లబ్బుకు కార్యదర్శిగా ఉన్నాయన పేరు రాయను. ఇప్పటికీ ఉన్నాడు. ఒక సాయంత్రం నేను రెండో బిందె ఎత్తుకుంటుండగా మెట్లు దిగి వచ్చాడు. వెనక నలుగురు స్నేహితులు.

"ఏమే, బంతులు కడిగేకి ఇన్ని నీళ్ళా?"

"సార్, మా అత్తకు జొరం. రెండు లోటాలు తాగేకి కూడా..."

"అట్లనా! బంతుల పేరు చెప్పి ఇల్లంతా తాగుతాండారా? ఒరే ఓబులేసూ! నీ పెండ్లాము ఈడ్నుంచి నీళ్ళు దొంగిలిస్తాండాది, నీకు తెలుసునా లేదా?"

మా ఆయన తల వంచుకున్నాడు. "తెలీదు సార్" అన్నాడు.

కార్యదర్శి నా చంకలోని బిందె లాక్కుని పక్కనున్న పచ్చికలో వంచాడు. రెండోదీ వంచాడు. "గడ్డన్నా తాగనీ, ఇశ్వాసంగా ఉంటాది" అన్నాడు. స్నేహితులు నవ్వారు. ఆ పచ్చిక అప్పటికే తడిగా ఉంది. పొద్దునే దానికి పైపు పెట్టారు.

ఖాళీ బిందెలతో ఇంటికొచ్చాను. ఆ రోజు మా అత్తకు పొరుగింటి నుంచి లోటా నీళ్ళు అడుక్కొచ్చి తాగించాను. మొగుడితో మాట్లాడలేదు. ఏడవలేదు కూడా. నాలో ఏదో చల్లగా కూర్చుంది. మనుషులకు కోపమొస్తే వేడెక్కుతారంటారు కదా, నాకెందుకు అట్లా చల్లబడింది? ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఆ చల్లదనం నాకు నచ్చింది. దాన్ని పెంచుకున్నాను. రొట్టె తడుతూ పెంచుకున్నాను, బంతులు రుద్దుతూ పెంచుకున్నాను.

దారి దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. అంతకు ముందొకసారి, చెనక్కాయ నూనె డబ్బా ముట్టుకున్న చేత్తోనే తెలియక బంతులు రుద్దాను. ఆ రోజు మా ఆయన గోల చేశాడు. నూనె అంటిన బంతిని కొడితే కర్ర కొన నిలవదట, పక్కకు జారుతుందట. ఒకచోటికి కొడితే ఇంకోచోటికి పోతుందట. "చేతులు కడుక్కోని పట్టుకోవే తల్లీ" అని దండం పెట్టాడు. అది గుర్తుంది నాకు.

ఇంకొకటి కూడా తెలుసు. బిలియర్డ్స్‌లో ఉండేవి మూడే బంతులు. ఎర్రది ఒకటి, తెల్లవి రెండు. తెల్లవాటిలో ఒకదానికి నల్ల చుక్క ఉంటుంది, ఎవరి బంతి ఏదో తెలియడానికి. కార్యదర్శి ఎప్పుడూ చుక్క బంతితోనే ఆడతాడు. అది తనకు అచ్చొచ్చిందని నమ్మకం. ఇంకొకరు అడిగినా ఇవ్వడు.

బళ్ళారి నుంచి అక్కడి క్లబ్బువాళ్ళు ఆటకు వస్తున్నారని తెలిసింది. ఆ ముందురోజు మూడు బంతులూ కడిగాను. ఎర్రదాన్నీ, ఉత్త తెల్లదాన్నీ ఎప్పటిలాగే రుద్దాను. చుక్క బంతిని ఒళ్ళో పెట్టుకున్నాను. పట్టు ముక్కను చెనక్కాయ నూనెలో ముంచి, పిండి, రాశాను. పైకి కనపడకుండా ఒత్తి తుడిచి మళ్ళీ రాశాను. మిగతా రెంటికంటే అదే ఎక్కువ మెరిసింది. పిల్లకు తలంటినంత శ్రద్ధగా చేశాను. చేస్తున్నంతసేపూ నా పెదాల మీద నవ్వు ఉంది, నాకు తెలుసు.

ఆట రోజున గ్లాసులు కడగడానికి నన్నూ పిలిచారు. వెనక వరండాలో కిటికీ పక్కన కూర్చుని అంతా చూశాను. మొదటి దెబ్బకే కర్ర జారింది. ఆయన కర్ర కొన చూసుకున్నాడు, సుద్ద పూసుకున్నాడు. మళ్ళీ జారింది. "సార్‌కు చెయ్యి వణుకుతాండాదప్పా" అని వెనకెవరో అన్నారు. "బళ్ళారోళ్ళను చూసి బెదిరినాడు" అన్నాడు ఇంకొకడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తుడువు! బంతి తుడువు!" అని మస్తానన్న మీద అరిచాడు. మస్తానన్న భుజం మీది తువ్వాలుతో తుడిచి పెట్టాడు. మళ్ళీ తుడిచాడు. చివరికి కర్ర జారి, చుక్క బంతి దేన్నీ తాకకుండా తానే బల్ల మూల గుంటలోకి దొర్లిపోతే, బళ్ళారివాళ్ళతో పాటు మనవాళ్ళూ పగలబడి నవ్వారు. బిందె వంచిన రోజు నవ్విన ఆ నలుగురే అందరికంటే గట్టిగా నవ్వారు. నేను కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతున్నాను. అంత తీపి నేను జన్మలో తినలేదు. ఇది కూడా దాచను.

ఆట అయ్యాక పచ్చగుడ్డ మీద మరకలు చూశారు. నూనె అని తేలింది. ఎవరి చేతినుంచి అంటింది? మస్తానన్న తువ్వాలు వాసన చూశారు. తుడిచి తుడిచి దానికే పట్టింది నూనె. పైగా ఆయన తలకు నూనె రాసుకునే మనిషి. అందరి ముందూ ఆ తువ్వాలు లాగి ఆయన ముఖాన కొట్టాడు కార్యదర్శి. రేపటినుంచి రావద్దన్నాడు.

నేను కిటికీ అవతలే ఉన్నాను. లేవలేదు.

మరునాడు పొద్దున మస్తానన్న మా ఇంటికొచ్చాడు. మా ఆయన అప్పటికే పనికి పోయాడు. మస్తానన్న గడప బయటే కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవాకమ్మా. బంతులు రుద్దేటప్పుడు ఏమన్నా నూనె చెయ్యి తగిలిందేమో, గుర్తు చేసుకో. పొరపాటుగా తగిలిందని నువ్వొక మాట చెప్తే, ఆడకూతురని తిట్టి ఇడిసిపెడతారు. నన్ను మళ్లా పనిలో పెట్టుకుంటారేమో."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ మాట చాలు. పొరపాటు అంటే చాలు. కానీ ఆ మాటంటే నేను మళ్ళీ కార్యదర్శి ముందు తల వంచుకుని నిలబడాలి. క్షమించండి సార్ అనాలి. నేను కొట్టిన దెబ్బ పొరపాటుగా మారిపోవాలి. దానికి నా ప్రాణం ఒప్పుకోలేదు. మా ఆయన పని పోతుందన్న భయమని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ భయం కూడా ఉండిందేమో. ముందున్నది మాత్రం పగే.

"నేను బాగా తుడిచే పంపించినా అన్నా. నాకేం తెలీదు" అన్నాను.

"అంతేలే. నీ మీద అనుమానమని కాదు. ఊరికే అడిగినా" అన్నాడు. మా అత్తకు జ్వరం తగ్గిందా అని విచారించి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు ఆయన రాయదుర్గంలో కూతురింటికి చేరాడని తెలిసింది. ఎప్పుడో ఒకసారి ధైర్యం చేసి బస్సెక్కాను. జీన్స్ కుట్టే షెడ్డు బయట, నీలం దారపు పోగుల మధ్య కూర్చుని, కుట్టిన ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరిస్తున్నాడు. చూపు తగ్గి ప్యాంటును ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు. నా గొంతు విని గుర్తుపట్టాడు. "యండకు వచ్చినావు, ముందు నీళ్ళు తాగమ్మా" అని తడుముకుంటూ లేచి, కుండలోంచి ముంచి ఇచ్చాడు. తాగాను. చెప్పడానికి వచ్చిన మాట ఆ నీళ్ళతో పాటే లోపలికి పోయింది. పిల్లల సంగతులు మాట్లాడి, తిరుగు బస్సెక్కాను. ఆ తర్వాతి ఏడాది ఆయన పోయాడు.

కార్యదర్శిని ఈ మధ్య మందుల షాపు దగ్గర చూశాను. ముసలివాడయ్యాడు, పక్కనొకరు పట్టుకుని నడిపిస్తున్నారు. జాలి కలుగుతుందేమోనని నిలబడి చూశాను. కలగలేదు. ఆ జారిన కర్ర, ఎర్రబడిన చెవులు గుర్తొచ్చి ఇంకా లోపల తియ్యగానే అనిపించింది. ఇంత జరిగాక కూడా ఆ తీపి పోలేదే, నేనేం మనిషిని? దీనికి క్షమాపణ ఉంటుందా? ఉన్నా ఇవ్వాల్సిన మనిషి లేడు. మీరు ఇవ్వాలని కూడా అడగను.

ఆ రోజు గడప దగ్గర చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. ఇక్కడ చెబుతున్నాను.

మస్తానన్నా, చుక్క బంతికి నూనె రాసింది నేనే. చెయ్యి తగల్లేదు. కావాలనే రాసినా.