సమోవా సింహం తలనీలాలు

రాజంపేట పక్క పల్లెల నుంచి మస్కట్‌కు పోయినవాళ్లు వందలమంది. వాళ్లలో గోడమీద పోస్టరు పడ్డవాడు పెంచలయ్య ఒక్కడే. ఏడో తరగతి చదివాడు. మస్కట్‌లోని ఘాలా పేటలో గోడౌన్ డ్యూటీ, నెలకు రెండు శుక్రవారాలు రెజ్లింగ్. ఇప్పటికి ముప్పై రెండు కుస్తీలు. ఇరవై మూడు చెప్పినట్టు ఓడాడు, ఎనిమిది చెప్పినట్టు గెలిచాడు, ఒక్కటి చెప్పకుండా గెలిచాడు. చెప్పినట్టు ఓడటం ఎంత కష్టమో నడుము విరిగినవాడికే తెలుసు.

ఆ షో నడిపే నసీరుద్దీన్ హైదరాబాదీ. సమోవా దీవుల నుంచి రావలసిన వస్తాదుకు మోకాలు బెణికింది, పోస్టర్లేమో అంటించేశారు. రెండు భుజాల మీదా రెండు బియ్యం బస్తాలతో పోతున్న ఆరడుగుల మనిషినీ, వాడి భుజాల మీద పడే జుట్టునూ చూసి నసీరుద్దీన్ ఎగిరి గంతేశాడు.

“అన్నా, నువ్వు నోరు ఇప్పకు, గంతే. నువ్వే సమోవా సింహం!”

“సమోవాలో సింహాలుంటాయా సామీ?”

“నోరు ఇప్పొద్దన్ననా లేదా?”

పెంచలయ్య పని దొంగ కాదు. అసలు సమోవా వస్తాదుల కుస్తీలు ఫోనులో చూసి చూసి, ఒట్టికాళ్లతో నిలబడటం, తలతో కుమ్మడం, మనిషిని భుజానికెత్తి వెల్లకిలా పడటం నేర్చాడు. జనం వాణ్ణి వదల్లేదు.

జుట్టు మాత్రం వేషం కోసం పెంచింది కాదు. మూడేళ్ల కిందట భార్య రమణికి కడుపులో ఆపరేషన్ జరిగింది. ఆమె లేచి తిరిగితే పెంచలకోన నరసింహస్వామికి తలనీలాలు ఇస్తానని మొక్కాడు. ఆమె లేచింది, మస్కట్‌లోనే బౌషర్‌ వైపు ఒకరింట్లో వంటపనికి చేరింది. కంపెనీ మారి, కాగితాలు తేలక పెంచలయ్య ఊరికి పోలేదు. జుట్టు వీపు సగం దాకా దిగింది. చివరికి సెలవు దొరికింది. టికెట్ తీసిన మర్నాడే నసీరుద్దీన్ వచ్చాడు.

“గీసారి జుట్టు పందెం. ఓడినోనికి రింగులనే గుండు. ఇనాయత్ గెలుస్తడు, నువ్వు ఓడాలె.”

“ఇది నా జుట్టు కాదన్నా, సామిది.”

“పోస్టర్లు అచ్చయినయ్ అన్నా. సామికి మళ్ల పెంచుకో.”

రమణి ఫోనులో వినీవినగానే లేచింది. “సామి సొత్తు రింగులో గొరిగిచ్చుకుంటే ఆ గుండు మీదనే అట్లు పోస్తా, చూస్కో!”

ఇనాయత్ లాహోరు వైపువాడు, ట్రైలర్ డ్రైవరు, పెంచలయ్య రూమ్‌మేటు. వాడికైనా చెప్పుకోవచ్చు. కానీ ఇరవై రెండుసార్లు మాట ప్రకారం ఓడినవాడికి బతిమాలడం నామోషీ అనిపించింది.

శుక్రవారం సాయంత్రం హాలు కిక్కిరిసింది. ఇనాయత్ వాణ్ణి వెల్లకిలా వేసి మీద పడ్డాడు. మంగలి మిషను గుర్రుమంటోంది. రిఫరీ చాపను చరిచాడు. ఒకటి! రెండు! నోరు ఇప్పొద్దన్న మాట మరిచి పెంచలయ్య అరిచాడు.

“గోవిందా!”

తెలుగువాళ్లు కూర్చున్న వెనక బెంచీలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. “గో...విందా!”

“ఒరేయ్, సమోవా కాదురా, మన కడపోడు!”

ఇనాయత్ బిత్తరపోయి చెవిలో అడిగాడు. “క్యా హువా భాయ్?”

“మన్నత్... బాల్ మన్నత్ కా హై.”

మొక్కు మాట వినగానే ఇనాయత్ ముఖం మారింది. “పెహలే బోల్‌నా థా, ఉల్లూ!” అని ముందే చెప్పనందుకు తిట్టి, పక్కకు దొర్లి, నడుము పట్టేసినట్టు మూలిగి, పెంచలయ్యను తనమీదికి లాక్కున్నాడు. రిఫరీ మూడూ లెక్కపెట్టేశాడు. నిన్ననే రంగేయించుకున్న ఇనాయత్ క్రాపు రాలిపోతుంటే, వాడు నవ్వుతూనే కూర్చున్నాడు.

నసీరుద్దీన్ పళ్లు నూరుతూ వచ్చి, చప్పట్లు ఆగకపోవడం చూసి తానే పెంచలయ్య చెయ్యి పైకెత్తాడు.

తలనీలాలు పెంచలకోనలో దిగాయి. నున్నటి గుండుతో తిరిగొచ్చేసరికి ఘాలా గోడల మీద కొత్త పోస్టరు: అన్నను వెతుక్కుంటూ వచ్చిన సమోవా సింహం తమ్ముడు!

ఇరవై మూడోసారి చెప్పినట్టు ఓడి లేస్తుంటే వెనక బెంచీలు కేకేశాయి. “ఏమబ్బా, మీయన్న యాడికి పాయ?”

నోరిప్పకూడదు గదా. తమ్ముడు గుండు తడుముకుని, రెండు చేతులూ ఎత్తి పైకి దణ్ణం పెట్టాడు.