సేవ్ నొక్కినా చేరని మార్కులు

ఆ రోజు డైరెక్టర్ సార్ అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. "డేటాబేస్‌లో ఈ టెస్టుది ఒక్క ఎంట్రీ కూడా లేదు సార్" అన్నాను. అది నిజమే. ఎందుకు లేదో కూడా నాకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్. సర్కారు ఉద్యోగాల మెయిన్స్ పరీక్ష రాసేవాళ్లకు వారం వారం టెస్టు పెట్టేవారు. దిద్దిన పేపర్ల మార్కులు కంప్యూటర్లో ఎక్కించే పని ఒక అక్కది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి దోమలగూడలో కిరాయికి ఉండేది. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ నేను రాసిందే.

ఒకరోజు కౌంటర్ దగ్గర అందరూ ఉండగా నన్ను పిలిచింది.

"అన్నా, నేను ఎక్కిచ్చిన మార్కులు నా కంప్యూటర్ల కనవడ్తున్నయ్, పక్క కంప్యూటర్ల కనవడ్తలేవు. జర చూడు."

"రిఫ్రెష్ కొట్టక్కా. జర కంప్యూటర్ నేర్చుకోవాలె."

"నేను నేర్చుకుంట తియ్యి. నీ సాఫ్ట్‌వేర్‌కు కూడ నేర్పియ్యి. పొద్దుగాల సంది నాలుగుసార్లు జరసేపు ఆగి మల్ల నడిచింది. దానికి నాకన్న ఎక్కువ చాయ్ బ్రేకులు."

అందరితో పాటు డైరెక్టర్ సార్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చిక్కడపల్లిలో మా ఇంటిదాకా నా వెంటే వచ్చింది. ఈమె తల దించుకునే రోజు ఒకటి రావాలి, అప్పుడు నేను ఎదురుగా ఉండాలి అనుకున్నాను.

ఇంట్లో కోడ్ తెరిచి చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పొద్దున విండో తెరవగానే నా ప్రోగ్రాం డేటాబేస్‌తో ఒక సెషన్ మొదలుపెట్టి, ఆ రోజు ఎంట్రీలన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌గా మూటకట్టి సాయంత్రం దాకా తెరిచి ఉంచుతోంది. సేవ్ నొక్కితే ఆకుపచ్చ టిక్కు పడుతుంది, మార్కులు ఆమె తెర మీద కనిపిస్తాయి. అవి డేటాబేస్‌లో ఖాయమయ్యేది మాత్రం విండో మూసినప్పుడే. ఈలోగా కంప్యూటర్ ఆగిపోతే అన్నీ పోతాయి. నా లాప్‌టాప్ మీద నేనొక్కడినే వాడి చూసుకున్నాను కాబట్టి ఇది బయటపడలేదు. సరిచేయడానికి గంట చాలు. చేయలేదు. చేస్తే ఆమె గెలిచినట్టు.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ నిలవలేదు. పొద్దుటి నుంచి ఎక్కించిన దాదాపు రెండువందల పేపర్ల మార్కులు మాయమయ్యాయి. మార్కులు ఎక్కించిన వెంటనే పేపరు విద్యార్థి చేతికి ఇచ్చేయడం అక్కడి పద్ధతి. పేపర్లన్నీ అప్పటికే హాస్టళ్లకు చేరిపోయాయి; వెనక్కి తెప్పించినా మార్కులు దిద్దుకోలేదన్న నమ్మకం లేదు. ర్యాంకుల లిస్టు ఏదని నోటీసు బోర్డు దగ్గర గొడవ మొదలైంది.

"ఎక్కియ్యకుండనే పేపర్లు పంచేసినవా?" అన్నాడు డైరెక్టర్ సార్.

"ఎక్కిచ్చిన సార్. ఒక్కొక్కదానికి టిక్కు చూసినంకనే ఇచ్చిన. అన్నను అడుగుండ్రి."

ఆయన అడిగాడు. నేను ఆ ఒక్క వాక్యం చెప్పాను. ఆమె నావైపు తిరిగింది. దాచడం ఎందుకు, ఆ క్షణం నాకు తియ్యగా ఉంది. మర్నాడే ఒక్కో పేపరుకు విడిగా ట్రాన్సాక్షన్ మొదలై, సేవ్ నొక్కగానే ఖాయమయ్యేట్టు కోడ్ మార్చేశాను. తప్పు తాలూకు జాడ కూడా మిగల్లేదు. నెలాఖరుకు ఆమెను తీసేశారు.

మొన్న నారాయణగూడలో జిరాక్స్ షాపుకు వెళితే మెషీన్ దగ్గర ఆమె ఉంది. ఆ తర్వాత ఏ కోచింగ్ సెంటరూ పనివ్వలేదట. ఎక్కడికి పోయినా, ఎక్కించకుండా పేపర్లు పంచిన మనిషి అని ముందే తెలిసిపోయేదట. నేను జరిగిందంతా చెప్పాను. ఆమె కాగితాలు పెడుతూనే వింది.

"నేను ఎక్కిచ్చిన్నని నాకు తెల్వదా అన్నా? నాకెందుకు చెప్తున్నవ్? సార్‌కు ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు."

నలుగురున్నారు, వాళ్లు పోయాక చేస్తానన్నాను.

"వాళ్లు ఉన్నప్పుడే చెయ్యి" అంది.

చేశాను.

"సార్, ఆ రోజు అక్క అన్ని పేపర్లు ఎక్కిచ్చింది. పోగొట్టింది నా ప్రోగ్రాం. అట్ల పోతయని నాకు ముందే తెలుసు. అక్క మీద కోపంతోటి చెప్పలే. మీ మాఫీ తర్వాత అడుగుత. అక్కా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."