అక్క ఇంటి మీద చుక్క

బోదకాలు ఉన్నవాళ్ళ ఇంటి ముందు నిలబడి ఫోన్‌లో చుక్క పెట్టడం నా పని. ఊరూరా పెట్టిన చుక్కలన్నీ చేరి ప్రపంచ పటం మీదికి ఎక్కుతాయని భువనగిరిలో శిక్షణ ఇచ్చినప్పుడు చెప్పారు. నేను పెట్టిన చుక్కను ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో చూస్తారంటే మొదట్లో గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ జబ్బు రాకుండా ఏడాదికోసారి ఇంటింటికీ మాత్రలు పంచేదీ నేనే. మూడు చిన్నవి, ఒకటి పెద్దది. ఎదురుగా నిలబడి మింగించాకే 'మింగారు' అని నొక్కాలి. ఈ విషయంలో ఊళ్ళో అందరికీ నేను గయ్యాళినే. నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించమనేదాన్ని. ఒక్క మా అక్క దగ్గర తప్ప. అక్కా బావా గొర్లు కాస్తారు.

"ఇంక బువ్వ తినలే చెల్లె. ఆడ పెట్టి పో, తిన్నంక ఏస్కుంట" అనేది.

అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. నోరు తెరవమని ఎలా అడగను? మాత్రలు గూట్లో పెట్టి, 'మింగారు' అని నొక్కి వచ్చేసేదాన్ని. ఏటా అంతే.

నిరుడు వానాకాలంలో అక్క ఎడమకాలు వాచింది. ముల్లు గుచ్చుకుందేమో అనుకుంది. దవాఖానకు తీసుకెళ్తే బోదకాలని తేలింది. ఇక ఆ వాపు పూర్తిగా తగ్గదని, రోజూ కడిగి, తడి లేకుండా తుడిచి కాపాడుకోవాలని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక మెల్లగా అడిగాను, మాత్రలు వేసుకున్నావా అక్కా అని.

"పెద్ద గోలి నట్టల మందే గద. గొర్రెపిల్లలకు ఏసిన. చిన్నయి ఏస్కుంటె తల తిర్గుతదన్నరు. గూట్లనే ఉన్నయి."

కడుపులో పురుగులు చచ్చే నట్టల మందే ఇది కూడా అని ఊరంతా చెప్పింది నేనే. ఏటా గొర్లకు తాగించేదే కాబట్టి ఆ పేరు చెబితే నమ్ముతారనుకున్నాను. మనిషి కంటే ముందు మందకు మందు వేసే ఇళ్ళు మావి. ఆ ఇంట్లో పుట్టి కూడా నాకు తట్టలేదు. గూట్లో చెయ్యి పెడితే కాగితప్పొట్లాలు తగిలాయి, ఏ యేటి మాత్రలు ఆ యేటివే. అక్కడే కూలబడి ఏడ్చాను.

మర్నాడు ఫోన్ పట్టుకుని అక్క గడప ముందు నిలబడ్డాను. చుక్క పెట్టబోతే ఆమె పాత వివరాలు కనిపించాయి. మింగారు, మింగారు, మింగారు. అన్నీ నేను నొక్కినవే. కళ్ళు తుడుచుకుని చుక్క పెట్టాను.

అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్న అక్క నా మొహం చూసి దగ్గరికి పిలిచింది.

"ఫికర్ జెయ్యకు చెల్లె. నీ మందు మంచిదే. గన్నేండ్లల్ల మా గొర్రెపిల్ల ఒక్కటి సావలే."